ఎదురింటి చెట్టు నీడ

పోయిన వేసవిలో ఒక పొద్దున మా అక్క మస్తానమ్మ ఫోన్ చేసింది. ఆమె ఫోన్ చేస్తే మొదటి మాట "తిన్నావా" అని ఉంటుంది, సంగతి ఏదైనా ఆ తరవాతే. ఆ రోజు తిన్నావా లేదు, ఒంట్లో ఎట్లుందీ లేదు. "రేయ్ ఖాసిమూ, మన వీధిలో చింతచెట్లన్నీ కొట్టేస్తారంట. కాలవ తవ్వాలంట. ఆదివారం ఆఫీసరమ్మ వస్తా ఉండాది. వీధంతా కూచోని మాట్లాడాలని అనుకున్నారు. నువ్వు రాసేవాడివి గదా, వచ్చి నాలుగు మాటలు చెప్పు" అంది. నేను రాసేవాడినని మా అక్క ఒప్పుకోవడం అదే మొదలు. అంతకుముందు చుట్టాల్లో ఎవరైనా నా గురించి అడిగితే "బ్యాంకులో చేసి రిటైరైనాడు, ఇప్పుడు ఊరికే ఉండాడు" అని చెప్పేది. అందుకని చెట్ల మాట సగమే విన్నాను, రాసేవాడివి గదా అన్న మాట మాత్రం పూర్తిగా విన్నాను. ఫోన్ పెట్టే ముందు ఆమె ఇంకో మాట అంది. "ఆ నీడ పోతే నేను రేకుల కింద కూచోని పని చెయ్యలేనురా. ఈ వయసులో నావల్ల కాదు. మానుకోవాల్సిందే." ఆ గొంతు మా అక్కది కాదేమో అనిపించింది. నాకు భయం వేసింది. అయినా ఆ రోజంతా నేను చేసిన పని, నాలుగు మాటలు నలభై మాటలుగా ఎట్లా చెప్పాలా అని కాగితాలు నింపడం.

మాది దూదేకే ఇల్లు. మా ఊరు గూడూరుకూ సముద్రానికీ మధ్య, నిమ్మకాయల లారీలు టీ కోసం ఆగి పోయే చిన్న ఊరు. నా చిన్నప్పుడు పంచాయతీ, ఇప్పుడు మునిసిపాలిటీ. మా వీధి ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. పడమటి వరసలో మా ఇల్లు, ఎదురుగా తూర్పు వరసలో ఎండుచేపల రత్తమ్మ ఇల్లు. రెండు వరసల ఇళ్ళ ముందూ చింతచెట్లు. ఎవరు నాటారో మా అవ్వకు కూడా తెలియదు. అడిగితే "అవి ఉంటే మనం వచ్చినాం" అనేది. నాయన పరుపులు కుట్టేవాడు. పొద్దున్నే దూది విల్లు తగిలించుకుని టంయ్ టంయ్ మని ఏకడం మొదలుపెడితే, ఆ చప్పుడుకు లేచేవాళ్ళం. లేచేసరికి ముక్కులో దూది. పళ్ళు తోముకుంటుంటే నోట్లో దూది. అమ్మ గిన్నెల మీద మూత పెట్టడం ఒక్క క్షణం మరిచిపోతే పప్పులో కూడా దూది. రత్తమ్మ ఇంటి ముందు ఎండబెట్టిన సావిడాయల వాసన వీధి దాటి వచ్చేది. మా ఇంటి దూది దుమ్ము వీధి దాటి ఆమె చేపల మీద వాలేది. ఈ విషయంలో రెండిళ్ళకూ తగాదా రావాలి న్యాయంగా. రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే కూర సంగతి చెప్పాలి.

చింతచిగురు కాలంలో మా అవ్వ ఇంట్లో ఉండేది కాదు. కొక్కెం కట్టిన పొడుగాటి కర్ర పట్టుకుని చెట్టు కిందే ఉండేది. నోట్లో ఆకూవక్కా, తల పైకి, చూపు చిగురు మీద. కాయలు మాత్రం పంచాయతీ వేలంలో ఎవరో పాడుకునేవాళ్ళు, రాలినవి మాత్రమే వీధివాళ్ళవి అని కట్టుబాటు. గాలి వీచని రోజున అవ్వ తన కర్రతో గాలి పని తానే చేసేది. పాటదారు చూసి "ఏం అవ్వా?" అంటే "నిమ్మళంగా ఉండు నాయనా, కాకి వాలింది" అనేది. కాకి పేరుతో అవ్వ సంపాదించిన చింతపండు ఉప్పు వేసి దంచి జాడీలోకి చేరితే, ఏడాదంతా మా ఇంట్లో పులుసుకు కరువు లేదు. ఇక చిగురు మాది, ఎండు రొయ్యలు రత్తమ్మవి. ఒక రోజు మా పొయ్యి మీద, ఒక రోజు వాళ్ళ పొయ్యి మీద. ఎవరు వండినా ఒక గిన్నె వీధి దాటేది. వాళ్ళ గిన్నెలో కారం ఎక్కువ, మా గిన్నెలో నూనె ఎక్కువ. ఎవరికి వాళ్ళు ఎదుటివాళ్ళ కూరే బాగుందని చెప్పి, చాటుగా తమదే బాగుందని అనుకునేవాళ్ళు. నెల్లూరు జిల్లాలో స్నేహాలన్నీ చాలావరకు పులుసు మీదే నిలబడతాయి.

నాయన పనికి రెండు కావాలి. నీడ ఉండాలి, గాలి ఉండకూడదు. ఎండలో దూది ఏకితే మనిషి నిలవడు, గాలిలో ఏకితే దూది నిలవదు. పొద్దున పూట మా అరుగూ అరుగు ముందు జాగా చల్లగా ఉండేవి. మధ్యాహ్నం తిరిగేసరికి నీడ వీధికి అడ్డంపడి రత్తమ్మ ఇంటి వైపు పోయేది. మా ఇంటి నీడ అరుగు వెడల్పే ఉండేది, పరుపు పరవడానికి చాలదు. దానికి తోడు సముద్రం గాలి లేచేది. తూర్పు నుంచి వచ్చే ఆ గాలికి రత్తమ్మ ఇల్లు అడ్డం. అందుకని అన్నాలు తిన్నాక నాయన పనినంతా వీధి దాటించేవాడు. ఏకిన దూదిని పెద్ద దుప్పటి మీద పోసి, నాలుగు మూలలు నలుగురం పట్టుకుని అవతలికి నడవాలి. నాయన ఒక మూల, అమ్మ ఒక మూల, అక్క ఒక మూల, నేను ఒక మూల. లారీ వస్తుంటే ఆగేది. డ్రైవరు తిట్టేవాడు కాదు, హారన్ కొట్టేవాడు కాదు. హారన్ కొడితే దూది ఎగరదు గాని నేను ఎగురుతానని ఊళ్ళో అందరికీ తెలుసు. ఒకసారి ఎగిరాను కూడా. నా మూల జారింది. వీధి మధ్యలో ఒక పెళ్ళివారి పరుపుకు సరిపడా బూరుగు దూది చింతచెట్ల మీదికి లేచింది. కొమ్మలన్నిటికీ దూది పూసింది.  నాయన మీసంలో దూది తీసుకుంటూ చాలాసేపు నా వైపు చూశాడు. నన్ను ఆయన పైచదువులకు పంపించింది నా తెలివి చూసి అని మా అమ్మ పోయేదాకా అందరికీ చెప్పింది. తెలివి చూసి కాదు, ఆ మూల చూసి.

ఇంత చరిత్ర ఉన్న వీధి నుంచి వచ్చినవాడిని కదా, నేను రిటైరయ్యాక ఒక పుస్తకం రాశాను. అందులో మా అరుగు మీద ఒక పెద్ద అధ్యాయం ఉంది. నాయన చేత్తో పరిచిన నాపరాళ్ళు, ఆయన కూచుని కూచుని నునుపు తేలిన చోటు, ఆ చోట చెయ్యి పెడితే తగిలే చల్లదనం. ఆ చల్లదనం గురించి ఎంత రాశానంటే, చదివిన మిత్రుడొకడు "మీ రాయికి జలుబు చేస్తుందేమో సార్" అన్నాడు. ఈ ఫోన్ వచ్చాక, చెట్ల గురించి ఏం రాశానో చూసుకుని మీటింగులో చదువుదామని ఆ అధ్యాయం తీశాను. మొదటి నుంచి చివరి దాకా తిరగేశాను. చెట్టు లేదు. చింతాకంత చెట్టు కూడా లేదు. సరేలే, కొత్తగా రాసుకుందాం అనుకున్నాను.

ఆదివారం పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని నెల్లూరు నుంచి వచ్చి దిగాను. టెంటు హౌసు కుర్చీలు మా అరుగు ముందు వేశారు. మా వరసవాళ్ళూ ఎదుటి వరసవాళ్ళూ అందరూ వచ్చారు. రత్తమ్మకు ఇప్పుడు కళ్ళు సరిగా కనపడవు, మనవడు శీనయ్య ఆమెను చెయ్యి పట్టుకుని తెచ్చి కూచోబెట్టాడు. వాళ్ళింటి ముందు గదిలో అతనిది సెల్‌ఫోన్ల షాపు. షాపుకు పోయినేడు వేయించిన నల్ల గ్రానైటు మెట్లు అద్దంలా మెరుస్తున్నాయి. మా అక్క అరుగు మీదే కూచుని ఎవరిదో పాత పరుపు విప్పి దూది దులుపుతూ ఉంది. ఇప్పుడు కొత్త పరుపులు ఎవరూ కుట్టించుకోరు, అందరివీ ఫోము. పాతవి తిరగేయించుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళే ఆమె బతుకు. "మీటింగు పెట్టుకుని పనేందక్కా" అంటే, "మీటింగు నోటితో గదా, చేతులు ఖాళీనే" అంది. పొద్దున వస్తానన్న ఆఫీసరమ్మ, మునిసిపాలిటీ ఇంజనీరు ఏఈ గారు, రాలేదు. ఈలోపు నన్ను మాట్లాడమన్నారు. మాట్లాడాను. ఒక చెట్టు ఎంత ప్రాణవాయువు ఇస్తుందో చెప్పాను. భూతాపం చెప్పాను. రేపటి తరాలు అన్నాను. పక్షులు అన్నాను, ఆ మాట అంటుండగా ఒక కాకి నా కాగితం మీద తన అభిప్రాయం వేసింది. ఎవరూ నవ్వలేదు, మర్యాద. రత్తమ్మ మాత్రం పక్కావిణ్ణి "ఎవురు, మస్తానమ్మ తమ్ముడా? ఎంతసేపు మాట్లాడతాడు?" అని గట్టిగా అడిగింది.

ఏఈ గారు అన్నాల వేళ దాటాక వచ్చింది. చిన్న వయసు, నెమ్మదైన మనిషి. వస్తూనే "చెట్లు కొట్టడం నాకు సరదా కాదండీ" అంది. "పోయిన తుఫానుకు ఈ వీధిలో ఎవరి ఇంట్లో నీళ్ళు రాలేదో చెయ్యెత్తండి." ఎవరూ ఎత్తలేదు. మా అక్కది రెండు బస్తాల దూది ఆ నీళ్ళలోనే పోయింది. "కాలవ తప్పదు. ఇంతమంది వచ్చారు కాబట్టి ఒక మాట చెప్తాను. రెండు వైపులా అక్కర్లేదు, ఒక వైపు తవ్వితే సరిపోయేట్టు చూస్తాను. ఏ వైపో మీరే తేల్చుకోండి" అంది.

అంతవరకూ మా వీధి ఒకటి. ఆ మాటతో రెండయింది. "ఎదుటి వరసవి పురుగు పట్టినాయి, అవి కొట్టండి" అని మావాళ్ళు. "మీయే గదా కరెంటు తీగల మీద పడేది, మొన్న గాలికి కొమ్మ ఇరిగింది ఏ వైపు?" అని శీనయ్య. పొద్దునంతా చెట్లు మా ప్రాణం అన్నవాళ్ళందరూ ఇప్పుడు సగం చెట్లు మాత్రమే మా ప్రాణం అంటున్నారు. నేనూ ఊరుకోలేదు. రేపటి తరాలను పక్కన పెట్టి, "చారిత్రకంగా చూస్తే పడమటి వరస చెట్లే పాతవి" అని ఒక చరిత్ర అప్పటికప్పుడు పుట్టించాను. మా వాళ్ళు చప్పట్లు కొట్టారు. నా ప్రసంగానికి ఆ రోజు పడిన చప్పట్లు అవే.

ఈ గొడవలో ఎండ మీద పడుతోందని అందరూ కుర్చీలు జరుపుకుంటూనే ఉన్నారు. ఎవరూ జరపమనలేదు, ఎవరూ గమనించనూ లేదు. వేలు చూపి తిట్టుకుంటూనే ఒక చేత్తో కుర్చీ లాగడం. నేనూ లాగాను. ఒకసారి లాగాను, మళ్ళీ లాగాను. మూడోసారి లాగేటప్పుడు నా మడమకు ఏదో తగిలింది. చూస్తే శీనయ్య గ్రానైటు మెట్టు. మీటింగు మీటింగంతా వీధి దాటేసింది. పొద్దున మా గుమ్మంలో కూచున్నవాళ్ళం ఇప్పుడు రత్తమ్మ గుమ్మంలో ఉన్నాం, మా అక్క కూడా తన దూదితో సహా. కుర్చీ వీపు పట్టుకున్న నా చెయ్యి దుప్పటి మూల పట్టుకున్నట్టే పట్టుకుని ఉంది. 

"ఒక్క నిమిషం" అన్నాను. ఈసారి కాగితం లేదు. "శీనయ్యా, ఇప్పుడు మనం కూచున్న నీడ ఏ చెట్టుది?"

అతను పైకి చూశాడు. అతని నెత్తి మీద కొమ్మ లేదు, ఆకాశం ఉంది. నీడ వీధి అవతల నుంచి వస్తోంది. "మీ చెట్టుది" అన్నాడు.

"పొద్దున మా అరుగు మీద పడింది మీ చెట్టు నీడ. మా చెట్లు కొట్టమని నువ్వు అంటే, సాయంత్రం దాకా నీ షాపు కాలిపోతుంది. మీ చెట్లు కొట్టమని మేమంటే, పొద్దున మా అక్క కాలిపోతుంది. ఎవరికి వాళ్ళం మన నీడనే నరకమని చెప్తున్నాం."

 రత్తమ్మ పలికింది. "ఈ ముక్క జెప్పను ఇంత సేపా? వాళ్ళ నాయన దినామూ పరుపులు మోసుకోని మా ఇంటికాడికి వచ్చింది నన్ను జూడనా ఏంది?" అంది. అందరూ పెద్దగా నవ్వారు. మా అక్క నవ్వి, "పొద్దన్నించీ ఆక్సిజన్ ఆక్సిజన్ అనే బదలు ఇదే చెప్పుంటే అందరం టయానికి అన్నం తినేవాళ్ళం గదరా" అంది.

ఏఈ గారు వీధి వెంట ఒకసారి ఆ చివర దాకా నడిచి వచ్చింది. "రెండు వరసలూ ఉండాలంటే ఒకటే దారి. చెట్టుకూ గోడకూ మధ్య సన్న కాలవ రెండు వైపులా తియ్యొచ్చు. కానీ ఆ జాగాలో మీ అరుగులు, మెట్లు, ర్యాంపులు ఉన్నాయి. అవన్నీ వీధి జాగాలోవే. అవి తీసేస్తే చెట్లు ఉంటాయి" అంది.

 ఒకాయనకు మోకాళ్ళు, మెట్లు లేకపోతే ఎక్కలేడు. ఒకాయనకు కారు. శీనయ్య తన గ్రానైటు వైపు చూసి నేల చూపులు చూశాడు. అందరికన్నా ముందు అభ్యంతరం చెప్పింది ఎవరంటే, భూతాపం మీద ప్రసంగించిన ఈ మహానుభావుడే. "అక్కా, మన అరుగా? అది నాయన పరిచిందే! నేను దాని మీద పుస్తకంలో..." అన్నాను.  నాయనవి అని నాకు మిగిలినవి రెండే, నా ముక్కూ ఆ రాళ్ళూ. చెట్టు కావాలి అని అరిచినంతసేపూ అది ఎవరో ఇవ్వాల్సింది అనుకున్నాను, నా దగ్గర అడుగుతారని అనుకోలేదు.

అక్క దూది దులపడం ఆపింది. "నాయన అరుగు మీద కూచోలేదురా" అంది. "నీడలో కూచున్నాడు. అరుగు ఆడుండింది, అంతే." లేచి, ఒళ్ళో దూది దులుపుకుని, ఏఈ గారితో "మాది రేపు తీసేస్తాం తల్లీ. రాసుకో" అంది.

మా అరుగు పోతే నిలిచేది మా చెట్టు. దాని నీడ శీనయ్యకు. అక్క పని సాగాల్సిన పొద్దుటి నీడ మాత్రం శీనయ్య మెట్ల చేతిలో ఉంది. ఇది ఆమెకు తెలుసు. శీనయ్యకూ తెలుసు. ఆమె అతన్ని అడగలేదు. నేను అడగబోతే నా చొక్కా వెనక నుంచి లాగింది, చిన్నప్పుడు లాగినట్టే.

మరునాడు మేస్త్రి వచ్చాడు. అక్క బిస్మిల్లా అని మొదటి రాయి కిందికి తానే గడ్డపార దూర్చింది. రాళ్ళు లేస్తుంటే కింద నుంచి ఎప్పటివో చింతగింజలు, తుప్పు పట్టిన పరుపు సూది ఒకటి, నల్లబడిన దూది ఉండలు బయటపడ్డాయి. నేను అక్కడే నిలబడి చూడలేక లోపలికి పోయి, లోపల ఉండలేక బయటికి వచ్చి, మేస్త్రికి అడ్డంపడి తిట్లు తిన్నాను. సగం పని అయ్యేసరికి శీనయ్య వీధి దాటి వచ్చాడు. అరుగు ఉన్న గుంట వైపు కాసేపు చూశాడు. "మస్తానక్కా, మీ మేస్త్రిని సాయంత్రం మా ఇంటికి పంపు. గ్రానైటు పగలకుండా తియ్యాల, యాడన్నా పెట్టుకుంటా" అన్నాడు. మా అక్క "టీ తాగిపో" అంది.  నేను మాత్రం ఏడ్చాను. దుమ్ము పడిందని మేస్త్రికి చెప్పాను.

చెట్లన్నీ నిలిచాయని రాస్తే కథ బాగుంటుంది గాని, దక్షిణపు చివర రెండు పోయాయి. కారు ర్యాంపు తీసేది లేదని అక్కడివాళ్ళు పట్టుబట్టారు. ఆ మొద్దులు మాంసం కొట్ల వాళ్ళు కొనుక్కుపోయారు. ఇప్పుడు ఆ ఇళ్ళ ఎదుటివాళ్ళు ఇంటి ముందు ఆకుపచ్చ వల కట్టుకుని ఉన్నారు. మా చిన్నప్పుడు అయితే ఇట్లా జరిగేదా అని అడగాలనిపిస్తుంది. అడగను. అప్పుడు కాలవ లేదు, దోమలు ఉన్నాయి, వానొస్తే వీధంతా మోకాలి లోతు. మా వాళ్ళేమీ చెట్లను ప్రేమించినవాళ్ళు కాదు, కొమ్మ ఎండితే పొయ్యిలోకే. కానీ మన చెట్టు, మీ చెట్టు అన్న మాట నేను అప్పుడు వినలేదు. రోజుకు రెండుసార్లు వీధి దాటేవాళ్ళకు ఆ మాట నోట రాదు. నేను ఉద్యోగం పేరుతో ఒక్కసారే దాటి, మళ్ళీ ఇవతలికి రాలేదు. నాకు గుర్తు రావడానికి కుర్చీ మూడుసార్లు లాగాల్సి వచ్చింది.

ఆ రాళ్ళలో ఒకటి నాకు కావాలన్నాను. నాయన కూచున్న చోటిది, నునుపు తేలింది. "ఏం చేసుకుంటావు?" అంది అక్క. "కూచుంటాను" అన్నాను. నెల్లూరు దాకా ఆటోలో తెచ్చి, లిఫ్టులో పట్టక ఇద్దరు మనుషులతో మెట్ల మీద మోయించి, మా అపార్ట్‌మెంట్ బాల్కనీలో నాలుగు ఇటుకల మీద పెట్టించాను. పొద్దున కాఫీ గ్లాసుతో పోయి, కళ్ళు మూసుకుని, పుస్తకంలో రాసిన ఆ చల్లదనం కోసం చెయ్యి పెట్టాను. చుర్రుమంది. మా బాల్కనీలో పొద్దున ఎనిమిదికే ఎండ, ఎదురుగా ఇంకో అపార్ట్‌మెంట్ అద్దాలు. మా ఆవిడ రెండు రోజులు చూసి దాని మీద వడియాలు పెట్టింది. బ్రహ్మాండంగా ఎండుతున్నాయి.

మొన్న అక్క ఫోన్ చేసింది. తిన్నావా అంది. తిన్నానన్నాను. "రాయి ఎట్టుండాది?" అంది.

అబద్ధం చెబుదామనుకున్నాను. చెప్పలేకపోయాను. "కాలిపోతా ఉండాదక్కా" అన్నాను.

 అటు వైపు నుంచి ఏదో లాగుతున్న చప్పుడు, రత్తమ్మ గొంతు, ఒక లారీ ఆగిన చప్పుడు వినపడ్డాయి. "సరే గాని, నీడ శీనయ్య గుమ్మం కాడికి పోయింది. దూది అవతలికి మొయ్యాల. ఒక మూల పట్టుకునే మనిషి తక్కువగా ఉండాడు, ఖాళీ అయితే రా" అని పెట్టేసింది.